తిరిగొస్తున్నాడంటే ఏదో అయ్యుంటుంది

పిల్లల్ని విదేశాలకి పంపే విద్యలో మనవాళ్లు ఆరితేరిపోయారు. ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలో, సూట్‌కేసు హ్యాండిలుకి ఏ రంగు గుడ్డపీలిక కడితే బెల్టు మీద దూరం నుంచే కనబడుతుందో, శంషాబాదులో ఫొటోకి ఎవరు ఎవరి పక్కన నిలబడాలో మా రాజమండ్రిలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పంపడానికి కోచింగు సెంటర్లున్నాయి, కన్సల్టెన్సీలున్నాయి, బ్యాంకు అప్పులున్నాయి. వీటన్నిటి పైనా చిలుకూరు బాలాజీ ఉన్నాడు. 11 ప్రదక్షిణలు చేసి వీసా కోరుకోవాలి, వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకోవాలి. ఇంత పకడ్బందీ ఏర్పాటులో తిరిగి రావడానికంటూ ఒక్క ప్రదక్షిణ కూడా కేటాయించలేదు. అందుకే, అనుకున్న ప్రకారం అనుకున్న తేదీకి తిరిగొచ్చేవాణ్ణి ఏం చెయ్యాలో మనవాళ్లకి పాలుపోదు.

ఆ తిరిగొచ్చేవాణ్ణి నేనే. మద్రాసు ఐఐటీలో చదువుతూ, మధ్యలో ఒక ఏడాది జర్మనీలోని ఆఖెన్‌లో చదివి రావడానికి వచ్చాను. ఏడాది కావస్తోంది, వచ్చే నెలాఖరుకి ప్రయాణం. ఇందులో రహస్యమేమీ లేదు. బయల్దేరిన రోజునే రానూ పోనూ టికెట్టు కొన్నామని నాన్న వీధి వీధంతా చెప్పుకున్నారు. చెప్పినప్పుడు అందరూ తలూపారు. ఇప్పుడు మాత్రం ముక్కున వేలేసుకుంటున్నారు.

పెదనాన్న ముందుగా నాన్నకి ఫోను చేశారు. "వీసా దగ్గరేదో తేడా కొట్టి ఉంటుంది, కుర్రాడు చెప్పుకోలేకపోతున్నాడు. నువ్వు గట్టిగా అడక్కు, బెంగెట్టుకుంటాడు" అన్నారట. మేనత్త నా ఫొటో పెద్దది చేసి చూసి, చెంపలు లాగేశాయి గనక తిండి పడక వచ్చేస్తున్నాడని తేల్చింది. పక్కింటి ఆంటీ అయితే పనిగట్టుకుని ఇంటికొచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని, "పోన్లెండి వదినగారూ, ఎక్కడున్నా మన పిల్లాడే కదా" అని ఓదార్చి, కాఫీ తాగి వెళ్లింది. ఎక్స్చేంజ్ ప్రోగ్రామంటే ఇంతేనండీ, ఏడాది తర్వాత వచ్చెయ్యాలండీ అని అమ్మ చెబుతూనే ఉంది. ఆ మాట ఎంత చెబితే అంత అనుమానం పెరుగుతోంది.

మా మావయ్యకి దేవీచౌక్ దగ్గర మిక్సీలు, గ్రైండర్ల షాపుంది. ఆయన సందేహం మాత్రం శాస్త్రీయమైనది. "ఎక్స్చేంజ్ అంటే మనవాడు అక్కడికెళితే వాళ్లవాడొకడు ఇక్కడికి రావాలి కదా? వాడేడి?" అన్నాడు. వచ్చాడు మావయ్యా, మద్రాసులో ఉన్నాడన్నాను. "మరి నేను ఇన్నేళ్లుగా ఎక్స్చేంజ్ మేళాలు పెడుతున్నాను. పాత మిక్సీ ఇచ్చి కొత్తది పట్టుకెళ్లినవాడు ఏడాది తర్వాత వచ్చి, ఇదిగో నీది నువ్వు తీసుకో, నాది నాకిచ్చెయ్ అనడం ఎక్కడా చూళ్లేదు." దీనికి నా దగ్గర జవాబు లేదు. పైగా నా బదులు మద్రాసు వచ్చిన జర్మన్ కుర్రాడు ఫిల్టర్ కాఫీకి మరిగి, ఇంకో సెమిస్టరు ఉండిపోతానని అర్జీ పెట్టుకున్నాడు. ఆ కబురు మావయ్యకి చెప్పలేదు. పాత మిక్సీ అక్కడే ఉండిపోయి కొత్తది కూడా వెనక్కొచ్చేస్తోందంటే ఆయన తట్టుకోలేడు.

నిజానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పటిది కాదు. మద్రాసు ఐఐటీ 1959లో పుట్టిందే పశ్చిమ జర్మనీ సాయంతో. అప్పట్లో ప్రొఫెసర్లూ, లేబొరేటరీ యంత్రాలూ అక్కణ్ణుంచే వచ్చాయి. ఈ సంగతి తెలిశాక నాన్నకి ఇంకో అనుమానం వచ్చింది. "వాళ్లే వచ్చి నేర్పేవారు కదరా, మరి నువ్వు అంత దూరం ఎందుకెళ్లినట్టు?"

ఆఖెన్ జర్మనీకి పడమటి కొసన ఉంటుంది. ఇంకో నాలుగడుగులు వేస్తే ఒకవైపు బెల్జియం, ఒకవైపు నెదర్లాండ్స్. 814లో చనిపోయిన షార్లమేన్ చక్రవర్తిని ఇక్కడి చర్చిలోనే పాతిపెట్టారు. యునెస్కో 1978లో ప్రపంచ వారసత్వ కట్టడాల మొట్టమొదటి జాబితా వేసినప్పుడు అందులో ఈ చర్చి ఉంది. ఊరి నడిబొడ్డున వేడినీటి ఊట ఒకటి ఉంది. గంధకం కలిసిన నీళ్లు కావడంతో ఆ పక్కనించి వెళితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. రోమన్లు అందులోనే స్నానాలు చేశారు, చక్రవర్తీ చేశాడు. నేను ముక్కు మూసుకుని బస్సెక్కుతాను.

1870లో మొదలైన ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో మన తెలుగువాళ్లకి కొదవ లేదు. అందరూ పూర్తి ఎమ్మెస్సుకి వచ్చినవాళ్లే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించి, నెలకి 992 చొప్పున తీసుకుంటూ లెక్కగా బతుకుతున్నవాళ్లు. పట్టా చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడ 18 నెలలు గడువిస్తారు. వాళ్ల కబుర్లన్నీ ఆ 18 నెలల చుట్టూనే తిరుగుతాయి. వాళ్ల మధ్య నేను పెళ్లివారింట్లో దారితప్పి భోంచేసి వెళ్లిపోయే మనిషిని. మొదట్లో "బ్రో, నువ్వు ఏ కంపెనీలకి అప్లై చేస్తున్నావ్?" అని అడిగేవారు. నేను తిరిగెళ్లిపోతున్నానంటే, ఒకడు నా భుజం మీద చెయ్యేసి, "ఏం పర్లేదు బ్రో, మళ్లీ ట్రై చెయ్" అన్నాడు. పక్కింటి ఆంటీకి ఆఖెన్‌లో కూడా బ్రాంచి ఉందని అప్పుడే తెలిసింది.

ఇంటి దగ్గర రావద్దన్నట్టు మాట్లాడుతున్నారు కదా, పోనీ ఇక్కడైనా వెళ్లిరమ్మంటారా అంటే, దానికో కాగితం కావాలి. జర్మనీలో దిగగానే రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. పోయేటప్పుడు దాన్ని కొట్టేయించుకోవాలి. దీన్ని ఆబ్‌మెల్డుంగ్ అంటారు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వారం ముందు మొదలుకుని, ఖాళీ చేశాక రెండు వారాల వరకూ చేయించుకోవచ్చు. అంతకన్నా ముందెళితే కుదరదు. మనకేమో ముందుచూపు ఎక్కువ. వచ్చే నెల ప్రయాణానికి ఈ నెలే వెళ్లి నిలబడితే, కౌంటరులో ఉన్నావిడ నవ్వుతూనే, "ఇంకా మీరు ఇక్కడే ఉన్నారు కదా" అంది. ఎదురుగా నిలబడ్డవాణ్ణి లేనట్టు రాయడం ఆవిడ వల్ల కాదు. న్యాయమే.

ఆ కాగితం ఉంటే తప్ప ఫోను కాంట్రాక్టు తెగదు, ఇన్సూరెన్సు ఆగదు, రేడియో చందా వదలదు. రేడియో చందా గురించి చెప్పాలి. ఇక్కడ ప్రతి ఇల్లూ నెలకి 18.36 యూరోలు ప్రభుత్వ రంగ రేడియోకీ టీవీకీ కట్టాలి. మా ఫ్లాటులో టీవీ లేదు, రేడియో లేదు. ఇల్లుంది గదా, అది చాలు. నలుగురం పంచుకుని కడుతూ వచ్చాం. డబ్బు కట్టాం గనక చూసి తీరాలని పట్టుబట్టి మా స్పెయిన్ కుర్రాడు ఫోనులో జర్మన్ వార్తలు పెట్టుకుని నిద్రపోతుంటాడు.

వీటికి తోడు బ్యాంకు. ఖాతా మూసేద్దామంటే గది అడ్వాన్సు అందులోకే రావాలి. అడ్వాన్సు ఎప్పుడిస్తారయ్యా అంటే, కరెంటు లెక్కలవీ తేలాక, అంటే నేను రాజమండ్రి చేరిన కొన్ని నెలలకి. అప్పటిదాకా ఖాతా ఉండాలి. ఖాతా ఉండాలంటే చిరునామా ఉండాలి. చిరునామాయేమో నేనే మునిసిపాలిటీకెళ్లి కొట్టేయించుకున్నాను. ఈ గుండ్రాన్ని గురించి రాత్రిళ్లు ఆలోచిస్తే నిద్ర చక్కగా పడుతుంది.

ఈ ఊరివాళ్లకి ఒప్పందపు కాగితం విలువ దెయ్యంతో వ్యవహారంలోనే తెలిసొచ్చిందని నా నమ్మకం. చర్చి కట్టడానికి డబ్బులు చాలక దెయ్యం దగ్గర అప్పు చేశారట. చర్చి పూర్తయ్యాక లోపల అడుగుపెట్టే మొట్టమొదటి ప్రాణం నాదీ అంది దెయ్యం. సరేనన్నారు. పూర్తయ్యాక తలుపు తీసి ఓ తోడేలుని లోపలికి తోలారు. ఒప్పందంలో ప్రాణమన్నారు గానీ మనిషి ప్రాణమని ఎక్కడుంది? దెయ్యం మండిపడి తలుపు విసురుగా లాగి వెళ్లిపోతుంటే బొటనవేలు తెగి తలుపు పిడిలో ఉండిపోయిందట. ఇప్పటికీ ఆ పిడికున్న కంచు సింహం నోట్లో వేలు పెట్టి తడిమి చూస్తారు జనం. కసి తీరక దెయ్యం ఊరినే పూడ్చేద్దామని సముద్రపొడ్డు నించి ఇసక మూట మోసుకొచ్చింది. దారిలో ఓ ముసలమ్మని, ఆఖెన్ ఇంకెంత దూరమని అడిగితే, ఆవిడ తన కాళ్లకున్న అరిగిపోయిన చెప్పులు చూపించి, "అక్కణ్ణించే వస్తున్నా, చూడు" అంది. దెయ్యం నీరుగారిపోయి ఇసక అక్కడే కుమ్మరించి పోయింది. ఊరి పక్కనున్న లౌస్‌బెర్గ్ గుట్ట అదేనట. దెయ్యాన్నే రెండుసార్లు బోల్తా కొట్టించిన ఊరు నా అడ్వాన్సు విషయంలో తొణుకుతుందా?

మార్కుల సంగతి వేరే చెప్పాలి. జర్మనీలో 1.0 వస్తే అత్యుత్తమం, 4.0 వస్తే గట్టెక్కినట్టు, 5.0 వస్తే తప్పినట్టు. మనకేమో పదికి ఎంత దగ్గరైతే అంత గొప్ప. మొదటి సెమిస్టరులో ఓ సబ్జెక్టులో నాకు 1.3 వచ్చిందని ఫోనులో చెప్పగానే అవతల నిశ్శబ్దం. తర్వాత నాన్న గొంతు సవరించుకుని, "ఒకటీ పాయింటు మూడా? పోన్లే, కొత్త చోటు కదా" అన్నారు. తక్కువొస్తేనే ఎక్కువ నాన్నా అన్నాను. ఫెయిలైనవాళ్లు ఇలాంటివి చెప్పడం ఆయనకి అనుభవమే. నాన్న రైల్వే బుకింగులో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి. తక్కువిచ్చి ఎక్కువిచ్చానన్నవాళ్లని ఎందర్ని చూశారో. చివరికి నానమ్మ అడ్డుపడింది. "అదేం అర్థంకాని విషయంరా? ఎంసెట్ ర్యాంకు తక్కువొస్తే గొప్ప కాదూ? అదే ఇది" అంది. అంతే, ఇల్లంతా తేటపడిపోయింది. సాయంత్రానికి వీధిలో నాకు జర్మనీలో ఒకటో ర్యాంకు వచ్చింది. పెదనాన్న మాత్రం ఆ పాయింటు మూడు ఎవడని అడిగారట.

ఆ ర్యాంకు కథే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ఒకటో ర్యాంకు వచ్చినవాణ్ణి జర్మనీవాళ్లు ఎందుకు పంపేస్తున్నారు? అసూయే అయ్యుంటుందని మేనత్త అభిప్రాయం.

ఇక్కడ ఎక్స్చేంజ్ విద్యార్థుల్ని ఆఖరి నెలలో ఓ జబ్బు పట్టుకుంటుంది. ఏడాది పొడుగునా "చూద్దాంలే" అని వదిలేసిన జర్మనీ అంతా ఒక్కసారే గుర్తొస్తుంది. సెమిస్టరు ఫీజులోనే కలిపిచ్చే టికెట్టు దేశంలోని ప్యాసింజరు రైళ్లన్నింట్లోనూ చెల్లుతుంది. అదే టికెట్టు బయటివాళ్లకి 2023లో మొదలుపెట్టినప్పుడు నెలకి 49 యూరోలు, 2025 జనవరిలో 58 అయింది. స్పీడు రైళ్లలో మాత్రం చెల్లదు. అందుకని మావాళ్లు తెల్లారకట్లే ఆఖెన్‌లో ప్యాసింజరెక్కి, స్టేషను స్టేషనుకీ రైలు మారుతూ, రాత్రికి బెర్లిన్ చేరి, అర్ధరాత్రి ఓ గేటు దగ్గర ఫొటో దిగి, మర్నాడు అదే తీరున వెనక్కొస్తారు. జర్మనీ ఏం చూశావంటే ప్లాట్‌ఫారాలు చూశానంటారు. రైలు లేటయిందని ఇంటికి చెప్పినప్పుడు నాన్న గొంతులో పలికే ఆనందం ఎక్స్చేంజ్ ఏడాది మొత్తానికి ఆయనకి మిగిలిన లాభం. 2024లో ఇక్కడి దూరప్రయాణపు రైళ్లలో వేళకి చేరినవి 62.5 శాతమేననీ, అదైనా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలో వెయ్యకుండానేననీ చెప్పాక, ఆయన ఆ అంకెని ఓ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నారు. రిటైరైన స్నేహితుల్ని కలిసినప్పుడల్లా తీస్తున్నారట.

నేను ఎక్కడికీ పోలేదు. నా ఆఖరి యాత్రలన్నీ ఫాల్స్‌కి, అది కూడా పెరుగు కోసం. ఆదివారం జర్మనీలో దుకాణాలు తెరవరు. ఆఖెన్‌లో బస్సెక్కి సరిహద్దు దాటితే నెదర్లాండ్స్ ఊరు ఫాల్స్, అక్కడ ఆదివారం కూడా సూపర్‌మార్కెట్లు తెరిచే ఉంటాయి. పెరుగుకోసం పొరుగింటికి వెళ్లినట్టే పొరుగుదేశానికి వెళ్లొచ్చేవాణ్ణి. మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ, "పాస్‌పోర్టు పెట్టుకున్నావా? తోడుకి కొంచెం తీసి ఉంచు మరి, ప్రతిసారీ దేశాలు దాటకుండా" అంది. ఆ మాట తర్వాతే గదిలో పెరుగు తోడుపెట్టడం మొదలెట్టాను. చలికాలంలో అది తోడుకోవడానికి హీటరు పక్కన దుప్పటి కప్పి పెట్టాల్సొచ్చేది.

ఫాల్స్ వెనకున్న గుట్ట మీద మూడు దేశాలు కలిసే రాయి ఒకటుంది. గుట్ట ఎత్తు 322 మీటర్లు. నెదర్లాండ్స్ ప్రధాన భూభాగంలో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు. దానికి బోర్డులూ, రెస్టారెంట్లూ. తిరుమల మెట్లెక్కినవాణ్ణి, మర్యాదకి ఆయాసపడ్డాను. ఆ చోట ఒకప్పుడు నాలుగో దేశం కూడా ఉండేది. నెపోలియన్ ఓడిపోయాక సరిహద్దులు గీసినప్పుడు అక్కడి జింకు గని ఎవరిదో తేలక, ఆ ముక్కని ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు. తటస్థ మోరెస్నే అనే పేరుతో అది 1816 నుంచి 1920 దాకా అలాగే గడిపేసింది. 1908లో అయితే దాన్ని ఎస్పెరాంతో భాష మాట్లాడే దేశంగా చేసేద్దామని కూడా కొందరు ప్రయత్నించారు. మునిసిపాలిటీవాళ్లు ఇంకా ఉన్నావంటున్నారు, ఊళ్లోవాళ్లు ఎందుకొస్తున్నావంటున్నారు. ఈ రెంటి మధ్యా నాబోటివాడికి సరిగ్గా సరిపోయే దేశం అదొక్కటే, దాన్ని కాస్తా వందేళ్ల కిందటే ఎత్తేశారు.

వీడ్కోలు పార్టీల గురించి ఎక్కువ చెప్పను. వారానికి ఒకరు వెళతారు, అదే వంటింట్లో, అదే పాటలకి, అదే చిప్సు. మా ఊరొస్తే మా ఇంట్లోనే దిగాలని అందరం అందరికీ మాటిచ్చుకున్నాం. కొరియా అమ్మాయి అందరి పుట్టినరోజులూ ఓ పుస్తకంలో రాసుకుంది. స్పెయిన్ కుర్రాడు ఎవరు వెళ్లినా ఏడుస్తాడు, ఒకసారి పొరపాటున పై ఫ్లాటువాళ్ల పార్టీకెళ్లి అక్కడా ఏడ్చొచ్చాడు.

గది అప్పగింత అసలైన పరీక్ష. ఇంటివాళ్ల తరఫు మనిషి వచ్చి, గోడలూ కిటికీలూ పొయ్యీ ఒక్కొక్కటే చూసి, ఓ కాగితం మీద రాసుకుంటాడు. మేకుల కన్నాల్లో టూత్‌పేస్టు కూరడం అనాదిగా వస్తున్న ఆచారం, అందరూ చేసేదే. మా భయమంతా వంటింటి గట్టు మీదున్న పసుపు మరక గురించి. తెల్లటి గట్టు, ఏడాది పాటు పోపులేసిన చోట అరచేతంత మేర పచ్చగా వెలుగుతోంది. మా ఫ్లాటులో ఓ జర్మన్ అబ్బాయున్నాడు, మెకానికల్ చదువుతాడు, చాలా మంచివాడు, శుభ్రం విషయంలో పట్టుదల ఎక్కువ. నేను ఇంట్లో లేనప్పుడు వాడు ఘాటైన క్లీనరేదో తెచ్చి మరక మీద పూశాడు. తిరిగొచ్చేసరికి గట్టు ముందు పాలిపోయి నిలబడున్నాడు. పసుపు మరక కాస్తా ఎర్రగా మారిపోయింది. "దెబ్బ తగిలిందేమో గట్టుకి" అన్నట్టు చూస్తున్నాడు.

పసుపులోని కుర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఇది వాడికి కెమిస్ట్రీ. మాకు పారాణి. పసుపులో సున్నం కలిపి పెళ్లికూతురి కాళ్లకి పూస్తారని చెబితే, గట్టుకీ కాళ్లకీ మార్చి మార్చి చూశాడు. పెళ్లయ్యాక అది ఎలా పోతుందని అడిగాడు. అదే పోతుందిలే అన్నాను. ఆ జవాబు వాడికి సరిపోలేదు. చివరికి నిమ్మరసం రాసి మళ్లీ పచ్చగా తెచ్చి, ఇక ఎండకి వదిలేశాం. పసుపు మరకకి ఎండని మించిన మందు లేదు, వెలుతురుకి ఆ రంగు దానంతటదే విరిగిపోతుంది. అమ్మ తెల్ల చీరలు డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి మరక మాయం. కాకపోతే ఇది ఆఖెన్, ముసురుకి పేరుపడ్డ ఊరు. రోజూ పొద్దున్నే కర్టెను తీసి గట్టు ముందు నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాం, ఇద్దరం, రెండు మతాలవాళ్లం.

సూట్‌కేసు కథ అందరికీ తెలిసిందే, 23 కిలోలు. వచ్చేటప్పుడు అందులో పచ్చళ్లు, కందిపొడి, సున్నుండలు. పోయేటప్పుడు జాబితా అమ్మ వాట్సాప్‌లో పంపింది. చాక్లెట్లు, నివియా క్రీములు, సెంటు సీసాలు, మేనత్తకి కూరగాయలు తరిగే కత్తి, ఆవిడ తోడికోడలికి అంతకన్నా కొంచెం చిన్న కత్తి. నానమ్మకి ఈ ఊరి ప్రత్యేకమని ప్రింటెన్ బిస్కెట్లు కొన్నాను. దుంప పంచదార పాకంలో మసాలాలు కలిపి చేస్తారు, రుచి అమోఘం, గట్టిదనం కూడా అమోఘమే. డబ్బాలో ఓ యాపిల్ ముక్క వేసి ఉంచితే మెత్తబడతాయని కొట్టువాడు చెప్పాడు. నానమ్మ మాత్రం, "మెత్తబడేదాకా నేనుండొద్దూ, కాఫీలో ముంచుకుంటాలే" అంది. ఊళ్లో మామిడిపళ్లన్నీ అయిపోయాక దిగుతున్నాను గదా అని బాధపడితే, రెండు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు గడ్డిలో దాచానంది. జులై నెలాఖరుకి అవి ఏమవుతాయో ఇద్దరికీ తెలుసు.

వస్తువులు సరే. అలవాట్లని ఎవరికి అప్పగించాలి? ఎర్రబొమ్మ వెలిగితే, రోడ్డు మీద పిట్ట లేకపోయినా ఆగుతున్నాను. దాటితే ఐదు యూరోలు జరిమానా అనే కారణం మొదట్లో ఉండేది, ఇప్పుడది కూడా అక్కర్లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసా కనబడితే చెయ్యి ఆగదు, మిషన్లో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి. రాత్రి పదయితే గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఆదివారం గాజుసీసాలు చెత్తడబ్బాలో వెయ్యబోతే మనసొప్పదు. ఇవన్నీ వీడియో కాల్లో గమనించి నాన్న జోస్యం చెప్పారు. "నువ్వు కోటిపల్లి బస్టాండు దగ్గర రోడ్డు దాటడానికి నిలబడితే దీపావళికి ఇంటికి చేరతావు."

ఇక కుక్కరు.

మూడు లీటర్ల అల్యూమినియం కుక్కరు. ఎప్పుడో ఒక తెనాలి సీనియర్ తెచ్చాడట. ఆయన ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు, కుక్కరు మాత్రం ఆఖెన్‌లోనే స్థిరపడింది. వెళ్లిపోయేవాడు ఉన్నవాడికి ఇస్తాడు, కొత్తగా వచ్చేవాడు ఇంటినుంచి గాస్కెట్టు తేవాలి. అదే దానికి కప్పం. పిడి స్క్రూ ఎప్పుడో పోతే జర్మన్ బోల్టు బిగించారు. మూత లోపలివైపు మేకుతో గీసిన పేర్లుంటాయి. మనుషుల పేర్లు కాదు, ఊళ్లవి. తెనాలి, నల్గొండ, నంద్యాల, మళ్లీ నల్గొండ, పాలకొల్లు. ఏళ్ల తరబడి ఆవిరి తగిలి పాత అక్షరాలు అరిగిపోయాయి, తెనాలిలో 'తె' వేలికి తగులుతుంది గానీ కంటికి కనిపించదు.

నేను వచ్చిన కొత్తలో అది కూత వేస్తే మా జర్మన్ అబ్బాయి చొక్కా లేకుండా వరండాలోకి పరిగెత్తాడు. తర్వాత విషయం తెలుసుకుని వాదనకి దిగాడు. వాళ్ల దేశపు కుక్కర్లు కూత వెయ్యవు, పుల్ల పైకి లేస్తుంది, గడియారం చూసుకుంటారు. కుక్కరుకి మూలపురుషుడైన దెనీ పాపాఁ, 1679లో ఆవిరి పాత్ర కనిపెట్టినాయన, జర్మనీలోనే మార్బుర్గ్‌లో పాఠాలు చెప్పాడని కూడా ఎత్తిపొడిచాడు. లోపల ఒత్తిడి రెట్టింపైతే నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది, ఇంతవరకూ మా ఇద్దరికీ ఏకాభిప్రాయమే. కానీ విజిల్ అనేది కొలమానం ఎలా అవుతుంది? మంట మారితే మారుతుంది, నీళ్లు మారితే మారుతుంది. వాడు స్టాప్‌వాచీ పట్టుకుని కూతకీ కూతకీ మధ్య సెకన్లు రాసి, గ్రాఫు గీసి, ఇది నమ్మదగ్గది కాదని నిరూపించాడు. నిరూపిస్తున్న ఆ రోజు పప్పు బ్రహ్మాండంగా కుదిరింది. వాడు రెండోసారి వడ్డించుకున్నాడు. సంక్రాంతి వెళ్లేసరికి, స్నానాల గదిలోంచే, "రెండయ్యాయి, ఇంకొకటి!" అని అరిచే స్థితికి వచ్చాడు.

ఇప్పుడు చిక్కేమిటంటే, నేను జులైలో పోతాను, గాస్కెట్టు తెచ్చే కొత్త కుర్రాడు సెప్టెంబరు చివర్లో గానీ దిగడు. ఎమ్మెస్సు బ్రోలందరికీ సొంత కుక్కర్లున్నాయి, పైగా ఇది పాతది. జర్మన్ అబ్బాయి తను ఉంచుతానన్నాడు. ఉంచుతానంటే ఊరికే కాదు, అప్పగింత కాగితం తయారుచేశాడు. పాత్ర ఒకటి. మూత ఒకటి. సొట్టలు రెండు, కొలతలతో సహా. వెయిట్ ఒకటి, పనిచేస్తోంది. సేఫ్టీ వాల్వు పరవాలేదు. గాస్కెట్టు వదులు, సెప్టెంబరులో మార్చాలి. ఇద్దరం సంతకాలు చేశాం. నేను మేకు తీసుకుని పాలకొల్లు కింద రాజమండ్రి అని గీశాను. వాడు మేకు అందుకుని, దాని కింద ఐఫెల్ కొండల్లోని వాళ్ల పల్లె పేరు గీయడం మొదలెట్టాడు. నువ్వెందుకంటే, "రెండు నెలలు నా పూచీలో ఉంటుంది కదా" అన్నాడు.

ఆ సమయానికే అమ్మ ఫోను చేసింది. ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేశావా, కుక్కరు ఎవరికిచ్చావని అడిగింది. చెప్పాను.

"వాడికి పెట్టడం వచ్చా?"

"వచ్చమ్మా. పప్పుకి మూడు, బంగాళాదుంపకి రెండు, శనగలకి నాలుగు, అన్నీ రాసుకున్నాడు."

"శనగలకి నాలుగేం చాలతాయి, ఆరు రానివ్వమను. అదైనా ముందు రోజు రాత్రి నానబెడితేనే."

అనువదించి చెప్పాను. వాడు కాగితం మీద నాలుగు కొట్టేసి ఆరు వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, పెన్ను అలాగే పట్టుకుని తలెత్తాడు.

"రాత్రి అంటే ఎన్నింటికి?"